అంకె వేసి తీసుకురండి, చదివి సంతకం పెడతాను

ఇరవై ఏళ్ళ వయసులో ఉన్న మీకు మీరు ఏం చెప్పుకుంటారని ఎవరినైనా అడగండి. భయపడకు, మనసు చెప్పినట్టు విను, లోకం చూడు, నలుగురూ ఏమనుకుంటారో అని కుంగిపోకు అంటారు. మంచి మాటలే, నేను కాదనను. కానీ నా వయసంతా చిత్తూరులో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే బల్ల ముందు గడిచింది. నాన్న అక్కడే రాసేవారు. ఆయన పక్కన కూర్చుని నేను ఆ పని నేర్చుకున్నాను. గుడిపాల, యాదమరి, పెనుమూరు, బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాల మంచీ చెడూ ఆ బల్ల మీదే కాగితంలోకి ఎక్కాయి. అవన్నీ చూశాక, వయసులో ఉన్న నాకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మిగిలింది. ఎవరు కలం చేతికిచ్చినా "చదివి పెడతాను" అను. అన్నాక నిజంగా చదువు.

ఇంత చిన్న మాటకు ఇంత పొడుగు వ్యాసం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ మాట అనడం ఎంత కష్టమో అనవలసి వచ్చినవాళ్ళకే తెలుసు. ఊరు విడిచి వెళ్ళడానికి వెనుకాడనివాళ్ళు, ఇంట్లో ఎదిరించి పెళ్ళి చేసుకున్నవాళ్ళు, పై అధికారికి ఎదురు చెప్పగలిగినవాళ్ళు కూడా సొంత పెదనాన్న కాగితం ముందు పెట్టి "ఇక్కడొకటి, వెనక ఒకటి" అని వేలు చూపిస్తే కిక్కురుమనకుండా పెట్టేయడం నేను చూశాను. ధైర్యం గురించి మనం చెప్పుకునే మాటల్లో ఈ ధైర్యానికి చోటు లేదు. ఏం చదవాలి, ఏ ఉద్యోగంలో చేరాలి అని మాత్రం ఏళ్ళ తరబడి బెంగపడతాం. అక్కడ అడుగు తడబడినా సర్దుకునే వీలుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివి బ్యాంకులో స్థిరపడినవాళ్ళు, ఇంజినీరింగ్ పూర్తి చేసి మామిడి తోటకే తిరిగొచ్చి హాయిగా ఉన్నవాళ్ళు నా ఎరుకలోనే ఎందరో ఉన్నారు. రిజిస్టరైన కాగితానికి అలాంటి వెసులుబాటు లేదు. రాసిచ్చిన మనిషి ఒక్కరే మర్నాడు వచ్చి "వద్దనుకుంటున్నాను" అంటే అది రద్దు కాదు. కోర్టుకు వెళ్ళాలి. అదీ మోసం సంగతి తెలిసిన నాటి నుంచి 3 సంవత్సరాల లోపు వెళ్ళాలి. వెళ్ళాక ఎన్నాళ్ళు పడుతుందో కోర్టు వరండాల్లో వాయిదాలకు కూర్చున్నవాళ్ళను అడగండి.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు మా మేనమామ ఒకరు మధ్యాహ్నం పూట బల్ల దగ్గరికి వచ్చారు. నాన్న భోజనానికి ఇంటికి వెళ్ళారు. మామ చొక్కా జేబులోంచి ఒక ప్రోనోటు తీసి నా ముందు పరిచారు. దుకాణంలో దొరికే అచ్చు ఫారమే. కింద రెవెన్యూ స్టాంపులు అంటించి ఉన్నాయి, వాటి మీద ఆయన సంతకం అప్పటికే ఉంది. అప్పు ఎంతో రాయవలసిన చోట ఖాళీ. వడ్డీ దగ్గర ఖాళీ. తేదీ లేదు. ఎవరి దగ్గర తీసుకుంటున్నారో ఆ పేరూ లేదు. ఆయన సంతకం పక్కన, నేను పెట్టవలసిన చోట, పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు మాత్రం ఉంది.

"ఊరికే జామీను కింద పాపా. ఇద్దరి సంతకాలు ఉండాలంటున్నాడు" అన్నారు.

"అంకె, తేదీ వేసి తీసుకురండి మామా, చదివి పెడతాను" అన్నాను.

ఆయన కాసేపు నా వైపే చూశారు. "మీ అమ్మ తోడబుట్టినవాణ్ణి. నేను నిన్ను ముంచుతానా?" అంటూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. తెప్పించిన కాఫీ ముట్టలేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, కర్మకాండల్లో ఎదురుపడినా నాతో మాట కలపలేదు. అమ్మ చాలా బాధపడింది. తమ్ముడు నోరు తెరిచి అడిగితే ఒక్క సంతకం పెట్టలేకపోయావా అని చాలాకాలం అంటూనే ఉండేది.

నాన్న నన్ను మెచ్చుకోనూ లేదు, కోప్పడనూ లేదు. మర్నాడు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం పుస్తకం తీసి 20వ సెక్షన్ చదవమన్నారు. స్టాంపు ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, ఖాళీలు అలాగే వదిలి ఎవరికైనా ఇస్తే, ఆ స్టాంపుకు సరిపడే మొత్తం మించకుండా ఖాళీలు నింపుకునే అధికారం వారికి ఇచ్చినట్టే లెక్క. చట్టమే అలా అంటోంది. ఖాళీ కాగితం మీద పెట్టాను, ఇంత రాస్తారని నాకేం తెలుసు అని తర్వాత వాపోతే వినేవాళ్ళు తక్కువ.

అప్పటి నేను, ఆ ఇరవై మూడేళ్ళ అమ్మాయి, చాలా రాత్రులు సరిగా నిద్రపోలేదు. పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టానేమో, నేర్చుకున్న నాలుగు ముక్కలు తలకెక్కాయేమో అని నలిగిపోయింది. ఇప్పుడు ఆమె పక్కన కూర్చోగలిగితే చెబుతాను: నువ్వు మామను అవమానించలేదు. ఎంత అప్పో, ఎవరికో, ఎప్పటికో తెలియని కాగితం మీద నీ పేరు రాయనన్నావు. అంకె వేసి తెచ్చి ఉంటే చదివేదానివి, మనసొప్పితే పెట్టేదానివి కూడా. ఆయన మళ్ళీ రాలేదు. ఆ బంధం పోవడం నిజమైన నష్టమే, దాన్ని తేలిక చేసి చెప్పను. చిన్నప్పుడు గంగ జాతరకు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళిన మనిషి ఆయన. ఆ దుఃఖం నీకు ఉండనీ. దానికి తప్పు చేశానన్న బాధను మాత్రం జత చేయకు.

జామీను సంతకాన్ని మనవాళ్ళు మాట సాయంగా చూస్తారు. చట్టం అలా చూడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారుడి బాధ్యతా అంతే. ముందు అతణ్ణి అడిగి, అతని దగ్గర ఏమీ లేదని తేలాకే మన దగ్గరికి రావాలన్న నియమం లేదు. నెల జీతం వచ్చేవాడు జామీనుదారుడైతే ముందు అతని మీదికే వస్తారు, ఎందుకంటే అక్కడ వసూలు సులభం. బావమరిది చీటీ పాడుకుంటే జామీను పెట్టిన ఒక బడిపంతులు నాకు తెలుసు. పాట సొమ్ము చేతికొచ్చాక బావమరిది కంతులు కట్టడం మానేశాడు. పంతులుగారి జీతంలోంచి ఏళ్ళ తరబడి కోత పడింది. ఆ డబ్బు ఏ వ్యాపారంలో పోయిందో కూడా ఆయనకు తెలియదు. కూతురి చదువుకని దాచుకోవలసిన డబ్బది. చీటీ ఒప్పందం చూశారా అని నేను అడిగితే, "అడిగితే బాగుండదనుకున్నానమ్మా" అన్నారు. ఈ మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. పొలం పోయినవాళ్ళూ ఇదే అన్నారు, ఇల్లు పోయినవాళ్ళూ ఇదే అన్నారు.

చదవకుండా సంతకం పెట్టించడానికి వాడే ఆయుధాలు రెండే. ఒకటి మొహమాటం, రెండోది తొందర. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కాగితం ఎప్పుడూ ఆఖరి గడియలోనే వస్తుంది. రాహుకాలం ముంచుకొస్తోంది, సర్వర్ ఇప్పుడే పనిచేస్తోంది మళ్ళీ ఆగిపోతుంది, కారు బయట ఆగి ఉంది, సాయంత్రానికి బెంగళూరు బస్సు పట్టుకోవాలి, ఆఫీసు మూసేస్తారు. ఇంతమంది నిలబడి ఎదురుచూస్తుంటే, నేను పుటలు తిరగేస్తూ కూర్చుంటే ఏం బాగుంటుందని మనకే అనిపిస్తుంది. అసలు సంగతి తెలుసుకోండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజు మీద సంతకాలైన నాటి నుంచి 4 నెలల లోపు దాన్ని రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయవచ్చు. ప్రభుత్వం నాలుగు నెలలు ఇచ్చిన పనికి మన బంధువు నాలుగు నిమిషాలు ఇవ్వనంటే, ఆ తొందర ఎవరికి అవసరమో ఆలోచించాలి. ముసాయిదా ముందురోజే ఇంటికి తెప్పించుకోవడం మన హక్కు. ఇవ్వడానికి ఇష్టపడని కాగితం ఏదైనా సరే, ఆ అయిష్టంతోనే నాకు అనుమానం మొదలవుతుంది.

ఆడపిల్లల హక్కు విడుదల పత్రాల దగ్గర ఇది అన్నిటికంటే ఎక్కువగా చూశాను. తండ్రి పోయాక అన్నదమ్ములు ఆస్తి తమ పేర పెట్టుకోవడానికి అక్కచెల్లెళ్ళను సంతకానికి పిలుస్తారు. కారు పంపిస్తారు, కొత్త చీర కొంటారు, హోటల్లో టిఫిను పెట్టిస్తారు. వాళ్ళు వచ్చి నన్ను అడిగే మొదటి మాట "ఎక్కడ పెట్టాలి?" అనే. ఏముంది అని అడిగేవాళ్ళు అరుదు. పుట్టింటి వాకిలి మూసుకుపోతుందన్న భయం వాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు.

ఒకసారి పలమనేరు వైపు నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు అలాగే వచ్చారు. నాన్న నేర్పిన పద్ధతి ప్రకారం నేను దస్తావేజు పైకి చదవడం మొదలుపెట్టాను. చదివేటప్పుడు సర్వే నంబరు దగ్గర, విస్తీర్ణం దగ్గర, డబ్బు అంకె దగ్గర ఆగాలని నాన్న చెప్పేవారు. ఆగి, రాసిచ్చేవాళ్ళతోనే వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించాలి. మామిడి తోట దాటి, బోరు దాటి, ఊళ్ళోని ఇంటి హద్దుల దగ్గరికి వచ్చేసరికి పెద్దావిడ చెయ్యి అడ్డుపెట్టారు.

"ఇల్లు కూడానా?"

"అన్నీ ఒకే కాగితం కదక్కా" అన్నాడు తమ్ముడు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "ఈరోజు వద్దులే నాయనా" అని లేచారు. తమ్ముడి ముఖం మాడిపోయింది. చెల్లెలు బెదిరిపోయి అక్క కొంగు పట్టుకుంది. కొన్నాళ్ళ తర్వాత ముగ్గురూ మళ్ళీ వచ్చారు. తోట, బోరు అక్కచెల్లెళ్ళిద్దరూ తమ్ముడికే వదిలేశారు. ఇంట్లో తూర్పు గదిలో ఇద్దరూ బతికున్నంత కాలం ఎప్పుడొచ్చినా ఉండవచ్చని, ఆ హక్కును ఎవరూ తొలగించరాదని రాయించుకున్నారు. నా మటుకు నాకు ఆ రోజు రాసిన దస్తావేజు అంటే ప్రాణం. ఎకరాల లెక్కలో చూస్తే వాళ్ళకు దక్కింది స్వల్పం. కానీ ఇచ్చింది తెలిసి ఇచ్చారు, ఉంచుకున్నది తెలిసి ఉంచుకున్నారు. చదవమని నేను చెప్పేది ఇవ్వవద్దని చెప్పడం కాదు. ఏం ఇస్తున్నామో తెలిసినప్పుడే అది ఇవ్వడం అవుతుంది.

ఈ విషయంలో ఆడపిల్లలకు తెలియవలసిన తేదీలు కొన్ని ఉన్నాయి. దేశమంతటికీ రాకముందే మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చి ఆ తేడాను తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని, ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపరిష్కారాలను మాత్రం ఈ చట్టం కదపదు. పసుపు కుంకుమలు ఇచ్చాం, పెళ్ళి ఘనంగా చేశాం, ఇంకేం వాటా అని ఎవరైనా అంటే, ఆ ప్రేమకు దండం పెట్టవచ్చు. వాటా మాత్రం విడిగా ఉంటుంది.

నాన్న రోజుల్లో దస్తావేజులు చేత్తో రాసేవారు. ఆఫీసులో వాటిని మళ్ళీ పెద్ద పుస్తకాల్లోకి చేత్తోనే ఎక్కించేవారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటులో భాగం కాబట్టి, సరిహద్దు గ్రామాల పాత కాగితాల్లో తమిళం కూడా తగులుతుంది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. రోజుల తరబడి పట్టే ఈసీ, అంటే ఆస్తి మీద ఏ లావాదేవీలు నమోదై ఉన్నాయో చూపే పత్రం, నిమిషాల్లో చేతికి రావడం మొదలైంది. నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములంటూ అష్టభోగాలను వరసపెట్టి రాసే పాత ఫణితి చాలావరకు తగ్గింది. ఒక్క వాక్యం మాత్రం ఏదో ఒక రూపంలో నిలిచే ఉంది: ఇందులోని సంగతులన్నీ చదివించుకొని విని, మనఃపూర్వకముగా సమ్మతించి వ్రాయించి ఇచ్చినది. చదవకుండా పెట్టే సంతకం ఈ వాక్యం కింద కూడా పడుతుంది. అంటే చదవనిది చదివానని ముందే ఒప్పుకుంటున్నాం. తర్వాత సబ్ రిజిస్ట్రారు ఎదుట నిలబెట్టి, ఇష్టపూర్వకంగానే రాసిచ్చారా అని అడుగుతారు. ఆవిడో, ఆయనో తల ఊపుతారు. ఫోటో తీస్తారు, వేలిముద్ర తీసుకుంటారు. అయిపోయింది.

"కాగితంలో ఏమున్నా, నోటితో మాట్లాడుకున్నది వేరు" అనేవాళ్ళున్నారు. రాతలో ఉన్న షరతును నోటి మాటతో కాదనడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం నుంచీ ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా దాన్ని అలాగే ఉంచింది. మోసం, బలవంతం వంటివి రుజువు చేయగలిగితే వేరే సంగతి. చదువురాని స్త్రీలతో వేలిముద్రలు వేయించుకున్న కేసుల్లో, ఆమెకు అర్థమయ్యేలా చెప్పామని చూపించే భారాన్ని కోర్టులు లబ్ధి పొందినవారి మీదే పెడతాయి. డిగ్రీ చదివినవాళ్ళకు ఆ దయ అంత సులభంగా దొరకదు. చదవగలిగి చదవనివాళ్ళను కాపాడే చట్టం ఎక్కడా లేదని కుర్రకారు గుర్తుపెట్టుకోవాలి.

నా మాటకు ఎదురయ్యే వాదన ఒకటి ఉంది, దాన్ని గౌరవంగానే తీసుకుంటాను. అయినవాళ్ళ మధ్య కూడా అక్షరం అక్షరం చదువుతూ కూర్చుంటే ఇక నమ్మకం ఏం మిగులుతుంది, మనుషులం మాట మీద బతకాలి గానీ కాగితం మీదా అంటారు. మాట మీద బతికిన ఊళ్ళను నేనూ చూశాను. మా చిత్తూరుకు దగ్గర్లోనే కాణిపాకం ఉంది. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంత తెగించినవాడైనా వెనకాడతాడని మా ప్రాంతంలో గట్టి నమ్మకం. అప్పు తీర్చాను, తీర్చలేదు అనే తగువులు ఎన్నో ఆ కోనేట్లో స్నానం చేసి దేవుడి ముందు నిలబడేసరికి తేలిపోయాయి. ఆ నమ్మకం నాకూ ఉంది. అయితే కాణిపాకం దాకా వెళ్ళిన రెండు కుటుంబాలు తర్వాత ఒకే పంక్తిలో కూర్చుని భోంచేయడం నేను చూడలేదు. ప్రమాణం తగువును తీరుస్తుంది, పాత చనువును తిరిగి తీసుకురాదు. మొదటి రోజే కూర్చుని చదువుకుని, ఇది ఇలా కాదు అలా అని వాదించుకుని, మార్చుకుని సంతకాలు పెట్టుకున్నవాళ్ళు మాత్రం పదేళ్ళ తర్వాత కూడా కలిసే నా దగ్గరికి వస్తున్నారు. నమ్మకం ఉన్న చోట చదవడానికి భయం ఎందుకు ఉండాలి? "చదువు తల్లీ, నిదానంగా చదువు" అనే పెద్దవాళ్ళను కూడా నేను చూశాను. పెద్దరికం అంటే అదే.

పెద్దవాళ్ళ పక్షాన కూడా ఒక మాట. తల్లిదండ్రులు ప్రేమకొద్దీ ఇల్లు కొడుకు పేర, కూతురు పేర సెటిల్‌మెంట్ రాసేస్తారు. తమను చూసుకోవాలన్న షరతు అందులో రాయించమంటే, కన్నబిడ్డల దగ్గర షరతులేమిటని సిగ్గుపడతారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టంలోని 23వ సెక్షన్, పోషించాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, పిల్లలు ఆ షరతు తప్పితే వెనక్కు తెచ్చుకునే దారి చూపింది. ఆ షరతు రాతలో ఉంటే ఆ దారి నేరుగా ఉంటుంది. బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు తమకే అని ఒక వాక్యం రాసుకోవడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. ఇది చదివే కొడుకులు, కూతుళ్ళు ఆ వాక్యాన్ని మీ అంతట మీరే రాయించండి.

ఇప్పటి పిల్లలకు కలం అక్కర్లేదు. ఫోనులో వచ్చిన ఆరంకెల ఓటీపీయే సంతకం. తిరుపతిలో హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు రుణ యాప్‌లో అప్పు తీసుకోవడానికి పట్టే సమయం టీ తాగేంత కూడా లేదు. "అంగీకరిస్తున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టే వేలికీ, మామ చూపిన పెన్సిలు గుర్తు మీదికి వెళ్ళబోయే చేతికీ నాకు తేడా కనిపించదు. 2022 సెప్టెంబరు నుంచీ ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం డిజిటల్ అప్పు ఇచ్చేవారు వడ్డీతో, రుసుములతో కలిపి ఏడాదికి మొత్తం భారం ఎంత శాతమో చెప్పే ముఖ్యాంశాల పత్రం ముందే ఇవ్వాలి. మనసు మారితే జరిమానా లేకుండా అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడే గడువు కూడా ఉండాలి. ఈ పత్రం తెరిచి చూశానని చెప్పిన విద్యార్థి నాకు ఇంతవరకూ తగల్లేదు. కాలేజీల్లో చేరేటప్పుడు అసలు సర్టిఫికెట్లు అప్పగించి, ఏవో హామీ పత్రాల మీద సంతకాలు పెట్టి వస్తారు. అసలు పత్రాలను పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది.

మా తమ్ముడి కూతురు విద్యా రుణానికి నన్ను కూడా సంతకం పెట్టమంది. ఇద్దరం రాత్రి భోజనాలయ్యాక ఆ పుటలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వరకు కంతులు కట్టనక్కర్లేదు అని ఉన్న చోట తను ఆగింది. "కంతు లేదంటే వడ్డీ కూడా లేదా అత్తా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. మర్నాడు బ్యాంకుకు తనే వెళ్ళి అడిగింది. వడ్డీ ఆ రోజుల్లోనూ పడుతూనే ఉంటుందని, చదువు ముగిసేనాటికి ఎంత అవుతుందో అధికారి కాగితం మీద లెక్క వేసి చూపించారట. ఆ లెక్క చూశాక తను హాస్టల్ ఖర్చుకని అడిగిన మొత్తాన్ని తనంతట తనే తగ్గించుకుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. నేను ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా అది జరిగేది కాదు.

ఎలా చదవాలని అడిగేవాళ్ళకు నాన్న చెప్పిన క్రమమే చెబుతాను. ముందు ఖాళీలు చూడాలి. ఏ ఖాళీ ఉన్నా నింపించాలి, లేదంటే గీత కొట్టించి పక్కన పొడి సంతకాలు పెట్టించాలి. తర్వాత పేర్లు, తండ్రి పేర్లు. ఆపైన అంకెలు, అవి అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. భూమి అయితే సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఈసీ, ఆ నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందా అన్నది. తిరుపతి చుట్టుపక్కల స్థలాలు కొనే పిల్లలు ఈ చివరిది చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (యజమాని తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం), దాంతోపాటు ఒక ఒప్పందం ఇచ్చి అమ్మకం అయిపోయిందంటే నమ్మవద్దు. అలా యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. ఆపైన, మాట తప్పితే ఏమవుతుందో రాసిన భాగం. చాలామంది ఇక్కడికి రాకముందే అలసిపోతారు గానీ అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉంటుంది. సంతకం పక్కన తేదీ వేయాలి. ఒక నకలు వెంట తెచ్చుకోవాలి.

చదివినా పెట్టక తప్పనివాళ్ళు ఉన్నారు. పెట్టకపోతే ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసిన భార్యలు, పెట్టకపోతే రేపటి కూలి ఉండదని తెలిసినవాళ్ళు. వాళ్ళకు "చదివి పెడతాను అను" అని చెప్పడం సరిపోదని నాకు తెలుసు. ఆ మాట అనగలగడానికి కాళ్ళ కింద కాస్త నేల ఉండాలి. కానీ వాళ్ళు కూడా చదవాలనే అంటాను. ఏం పోయిందో తెలిసినవాళ్ళు ఏదో ఒక రోజు అడగగలరు. పెట్టిన తేదీ గుర్తుపెట్టుకోండి, నమ్మకమైన ఒక మనిషికి చెప్పి ఉంచండి. స్థిరాస్తికి సంబంధించి రిజిస్ట్రేషన్ ఆఫీసు 1వ పుస్తకంలో నమోదైన ఏ దస్తావేజు నకలైనా ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు. దానికి భర్త అనుమతి, అన్న అనుమతి అక్కర్లేదు. ఒంటరిగా వచ్చి, కొంగు చాటున డబ్బు పట్టుకుని నకలుకు అర్జీ రాయించుకున్న ఆడవాళ్ళ దగ్గర నేను ఎప్పుడూ రాత కూలి తీసుకోలేదు.

పదో తరగతి పిల్లలకు త్రికోణమితి చెబుతున్నాం, మంచిదే. వారానికి ఒక్క పీరియడు కాగితం చదవడం నేర్పమని అడుగుతున్నాను. ఒక ప్రోనోటు, ఒక చీటీ ఒప్పందం, ఒక ఈసీ, ఒక బ్యాంకు రుణపత్రం. ఒక పిల్లవాడు మేనమామలా వచ్చి తొందరపెట్టాలి, ఇంకో పిల్ల "చదివి పెడతాను" అనాలి. నోరు తిరిగేదాకా అనాలి. దీనికి కొత్త పుస్తకాలు అక్కర్లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ బడి పిలిచినా నేను వస్తాను, పేర్లు కనబడకుండా చెరిపేసిన పాత కాగితాలు నేనే తెస్తాను.